రోడ్డు ప్రమాద పరిహారం: ఎఫ్‌ఐఆర్ నుంచి ఖాతాలో డబ్బు పడేదాకా

లారీవాడి నిర్లక్ష్యం వల్లే మనిషి పోయాడని ఊరందరికీ తెలుసు. పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి తెలిసేది మాత్రం కాగితం మీద ఉన్నంతే. ఆ కాగితాల్లో ముఖ్యమైనవన్నీ మొదటి మూడు నాలుగు వారాల్లో, కుటుంబం ఏడుపులో ఉన్నప్పుడే తయారైపోతాయి. తర్వాత ఎంత పెద్ద లాయరును పెట్టుకున్నా వాటిలో పడ్డ తప్పును దిద్దడం కష్టం. అందుకే ఈ మార్గదర్శిలో లెక్కలకు ఎంత చోటిచ్చామో కాగితాలకూ అంతే ఇచ్చాం.

ముందుగా ఒక సంగతి. ప్రమాదం ఒక్కటే అయినా కేసులు రెండు. పోలీసులు పెట్టేది క్రిమినల్ కేసు: భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో చావుకు కారణమైతే సెక్షన్ 106(1), గాయాలకు 125, దుడుకుగా నడిపినందుకు 281. అందులో డ్రైవరుకు శిక్ష పడొచ్చు, మీకు మాత్రం పరిహారం రాదు. పరిహారం కోసం 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద మీరు వేరుగా క్లెయిము వేయాలి. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో దీన్నే ఎం.వి.ఓ.పి. (మోటారు వాహనాల ఒరిజినల్ పిటిషన్), క్లుప్తంగా ఓపీ అంటారు. క్రిమినల్ కేసు కొట్టేసినా క్లెయిము నిలుస్తుంది. అక్కడ నేరాన్ని అనుమానానికి తావులేకుండా రుజువు చేయాలి, ఇక్కడ ‘ఇలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం’ అనిపిస్తే చాలు. సుప్రీంకోర్టు ఈ మాట చాలా తీర్పుల్లో చెప్పింది.

ఆసుపత్రిలో మొదటి రోజు

108 గానీ 112 గానీ చేయండి. కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన పథకం కింద, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందొచ్చు. ఆసుపత్రివాళ్లు దీని ఊసెత్తకపోతే మీరే అడగండి.

ఎక్కువ క్లెయిములు దెబ్బతినేది క్యాజువాల్టీ బల్ల దగ్గర. డ్యూటీ డాక్టరు హడావుడిగా ‘ఏమైంది?’ అంటాడు. తోడొచ్చినవాడు ‘బండి మీంచి పడ్డాడండీ’ అంటాడు. కేస్ షీటులో ‘సెల్ఫ్ ఫాల్’ అన్న రెండు మాటలు పడతాయి. రెండేళ్ల తర్వాత బీమా కంపెనీ లాయరు ఆ షీటు తెప్పించి, ఏ లారీ గుద్దలేదు, తనంతట తానే పడ్డాడు, ఆసుపత్రి రికార్డే సాక్ష్యం అని వాదిస్తాడు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పండి: ఏ బండి, ఎటు నుంచి వచ్చి, ఎలా గుద్దింది. బండి నంబరు తెలిస్తే అదీ చెప్పి, మెడికో లీగల్ కేసుగా (ఎంఎల్‌సీ) రాయించండి. రాసింది చదివి వినిపించమనండి. తప్పుంటే ఆ రోజే దిద్దించండి.

గాయపడిన మనిషి డిశ్చార్జి అయి, మూడు వారాలకు ఇంట్లోనే పోయాడనుకోండి. పోస్టుమార్టం లేకుండా దహనం చేస్తే, ఆ గాయం వల్లే చనిపోయాడని నిరూపించే ప్రధాన ఆధారం పోయినట్టే. ఎంత బాధగా ఉన్నా స్టేషనుకు కబురు చేసి, శవ పంచనామా, పోస్టుమార్టం జరిపించి, ఎఫ్‌ఐఆర్‌ను గాయాల సెక్షను నుంచి 106కు మార్చిన మెమో నకలు తీసుకోండి. వేరే కారణంతో చనిపోయినా, గాయానికి రావాల్సిన పరిహారం అడిగే హక్కు వారసులకు ఉంటుంది. మరణ పరిహారం మాత్రం దక్కదు.

పోలీసు కాగితాలు

ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన క్లెయిము పోదు. ఆలస్యానికి కారణం మాత్రం ఫిర్యాదులోనే రాయాలి: ఐసీయూలో ఉన్నారనో, చూసుకోవడానికి మరో మనిషి లేరనో. అసలు ఇబ్బంది ‘గుర్తు తెలియని వాహనం’ అని రాసి, నెల తర్వాత నంబరు చేర్చినప్పుడు వస్తుంది. బీమా ఉన్న బండిని తెచ్చి ఇరికించారని కంపెనీ వాదిస్తుంది, నిజంగా అలా చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి ట్రైబ్యునళ్లు ఆ వాదన వింటాయి. నంబరు చూసిన సాక్షి ఉంటే వారం లోపే పోలీసుల ముందు వాంగ్మూలం ఇప్పించండి. దారిలోని పెట్రోలు బంకు, టోల్‌గేటు, దుకాణాల సీసీ కెమెరాల రికార్డు కొద్ది రోజులకే చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఫుటేజీని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి.

సేకరించాల్సినవి: ఎఫ్‌ఐఆర్, ఘటనా స్థల పంచనామా, రఫ్ స్కెచ్, వాహన తనిఖీ నివేదిక (ఎంవీఐ రిపోర్టు), చార్జిషీటు. మరణమైతే శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. గాయమైతే ఊండ్ సర్టిఫికెట్ (డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రం). వీటికితోడు గుద్దిన బండి ఆర్‌సీ, పాలసీ, డ్రైవరు లైసెన్సు నకళ్లు. బండి నంబరు ఉంటే బీమా ఏ కంపెనీదో, ఎప్పటిదాకా ఉందో కేంద్రం పరివాహన్ వెబ్‌సైటులో కనిపిస్తుంది.

రఫ్ స్కెచ్‌ను తీరిగ్గా చూడండి. రోడ్డు వెడల్పు ఎంత వేశారు, ప్రమాదం జరిగిన చోటును చూపే ‘ఎక్స్’ గుర్తు ఏ వైపు పెట్టారు, బ్రేకు గీతలు ఎటు నుంచి ఎటు. మీ మనిషి తన ఎడమ పక్కనే వెళ్తున్నా గుర్తు రోడ్డు మధ్యలో పెడితే, ఆయన తప్పు సగం అంటూ పరిహారంలో సగం కోసే వాదన అక్కడి నుంచే పుడుతుంది. తేడా ఉంటే దర్యాప్తు నడుస్తుండగానే ఎస్పీకి అర్జీ పెట్టండి. సంఘటన రోజు సెల్‌ఫోనులో తీసిన ఫొటోలు ఇక్కడ బాగా పనికొస్తాయి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ప్రమాద తొలి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రైబ్యునల్‌కి పంపాలి, ఆ నివేదికనే క్లెయిముగా తీసుకోవచ్చు. గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో దీన్ని గట్టిగా అమలు చేయమంది. మీరు మాత్రం దాని మీద భారం వేసి కూర్చోవద్దు. మీ ఓపీ మీరు వేసుకోండి.

ఎవరు, ఎక్కడ, ఎప్పటిలోగా

గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. 2019 సవరణ తెచ్చిన ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు పడ్డాయి. వాటిని నమ్ముకుని ఆగితే నష్టం మీదే.

ప్రమాదం జరిగిన చోట, మీరు ఉంటున్న చోట, ప్రతివాది ఉండే చోట: ఈ మూడింటిలో ఎక్కడి ట్రైబ్యునల్‌లోనైనా వేయొచ్చు. నాందేడ్ దగ్గర ప్రమాదం జరిగినా నిజామాబాద్‌లో వేసుకోవచ్చు. సాక్షులు ఎక్కడివాళ్లో చూసుకుని తేల్చుకోండి.

మరణమైతే వారసులందరూ పిటిషనర్లుగా ఉండాలి: భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. కోడలికీ అత్తకూ పొసగక ఒకరు రానంటే, వాళ్లను ప్రతివాదులుగానైనా చేర్చాలి. లేకపోతే అవార్డు (ట్రైబ్యునల్ తీర్పు) దాకా వచ్చాక కొత్త తగాదా మొదలవుతుంది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందే తీసుకోండి.

ప్రతివాదులు డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ. యజమాని అంటే ఆర్‌సీలో పేరున్నవాడే. ‘ఎప్పుడో అమ్మేశాను’ అన్నా, పేరు మార్పించకపోతే బాధ్యత అతనిదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండు బండ్లు గుద్దుకుంటే, మీరు ప్రయాణికులైతే, రెండు బండ్లవాళ్లనీ చేర్చండి. మొత్తం సొమ్ము ఎవరి దగ్గర నుంచైనా రాబట్టుకోవచ్చు, వాటాలు వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. ఆర్టీసీ బస్సయితే మామూలుగా బీమా కంపెనీ ఉండదు, సంస్థే కడుతుంది. అద్దె బస్సయితే దాని బీమా కంపెనీని కూడా చేర్చాలి.

గుద్దిన బండి ఏదో తేలకపోతే దారి వేరు. సెక్షన్ 161 పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు.

ఇక సెక్షన్ 164. తప్పెవరిదో నిరూపించక్కర్లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. కంపెనీ మనిషి ఇంటికొచ్చి ‘వెంటనే ఇప్పిస్తాం, సంతకం పెట్టండి’ అంటే ఆగండి. దాన్ని ఒప్పుకుని తీసుకుంటే 166 క్లెయిము రద్దయిపోతుంది. ఆ 5 లక్షలకు బదులు ఏం రావొచ్చో కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

మరణంలో లెక్క

ఈ లెక్క సుప్రీంకోర్టు సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పుల్లో ఖరారు చేసింది. ఒక తాపీ మేస్త్రీని తీసుకుందాం. వయసు 34, నెలకు 18,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీద ఆధారపడ్డారు.

ఏడాది సంపాదన 2,16,000. సొంత పని చేసుకునేవాళ్లకు వయసు 40 లోపైతే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 3,02,400. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు: మిగిలేది 2,26,800. దీన్ని వయసును బట్టి ఒక అంకెతో, అంటే గుణకంతో, హెచ్చిస్తారు: వయసు 31 నుంచి 35 మధ్య ఉంటే గుణకం 16. అంటే 36,28,800. దీనికి తోడు, 2023 నవంబరు నుంచి నడుస్తున్న లెక్కలో, సాహచర్యం కోల్పోయినందుకు ఒక్కొక్కరికి 48,400 చొప్పున నలుగురికి 1,93,600, ఆస్తి నష్టం కింద 18,150, అంత్యక్రియలకు 18,150. మొత్తం 38,58,700. ఈ చివరి మూడు పద్దులూ మూడేళ్లకోసారి 10 శాతం పెరుగుతాయి.

మీ లెక్కకు కావాల్సిన అంకెలు:

- గుణకం: 25 ఏళ్ల దాకా 18, 26–30కి 17, 31–35కి 16, 36–40కి 15, 41–45కి 14, 46–50కి 13, 51–55కి 11, 56–60కి 9, 61–65కి 7, ఆపైన 5.
- పెరుగుదల: పర్మనెంటు ఉద్యోగికి 40 లోపు 50 శాతం, 40–50కి 30, 50–60కి 15. సొంత పని లేదా స్థిర జీతమైతే 40, 25, 10.
- సొంత ఖర్చు: ఆధారపడ్డవాళ్లు 2–3 మందైతే మూడో వంతు, 4–6 మందికి నాలుగో వంతు, అంతకు మించితే ఐదో వంతు. పెళ్లికానివాళ్లకు సగం.

వయసు దగ్గర జాగ్రత్త. అదే మేస్త్రీకి 39 అయితే గుణకంతో వచ్చేది 34,02,000, 41 అయితే 28,35,000. రెండేళ్ల తేడాకు 5,67,000. మన దగ్గర ఎంతోమంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంటుంది, ఏదో ఒకటి వేసేసినది. ఆధార్ గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పి, బడి సర్టిఫికెట్‌కు విలువిచ్చింది. పదో తరగతి మెమో, టీసీ ఏదున్నా వెతికి పెట్టండి. పెళ్లికాని కొడుకు పోతే గుణకం కొడుకు వయసును బట్టే, తల్లిదండ్రుల వయసును బట్టి కాదు.

సంపాదన రుజువు రెండో చిక్కు. జీతం చీటీ, ఐటీ రిటర్నులు ఉంటే సరే. కూలి పనివాళ్లకు బ్యాంకు పాసుబుక్కు, ఫోన్‌పే చెల్లింపులు, ఈ-శ్రమ్ కార్డు, భవన నిర్మాణ కార్మిక బోర్డు కార్డు, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం. ఏమీ లేకపోతే ట్రైబ్యునల్ కనీస వేతనం చుట్టూ ఒక అంకె అనుకుంటుంది, అది చాలాసార్లు తక్కువే. పిటిషన్‌లో ‘నెలకు 50,000’ అని గాలి అంకె రాయొద్దు. క్రాస్‌లో (అవతలి లాయరు అడిగే ప్రశ్నల్లో) అది అబద్ధమని తేలితే మిగతా సాక్ష్యమూ పలచబడుతుంది. గృహిణి మరణిస్తే ‘సంపాదన లేదు కదా’ అంటే ఊరుకోకండి. ఇంటి పనికీ విలువ కట్టాలని, పెరుగుదలా కలపొచ్చని 2021లో కీర్తి కేసు తీర్పు ఉంది.

గాయాల్లో లెక్క

ఇక్కడ రెండు అంకెలను కలిపేయకూడదు. మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య శాతం శరీరానిది. పరిహారానికి చూసేది పని చేసే శక్తి ఎంత పోయిందన్నది. రాజ్‌కుమార్ తీర్పు (2011) సారం ఇదే. ఎడమ చేయి పోతే గుమాస్తా ఉద్యోగం నిలబడొచ్చు. వడ్రంగి బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది.

28 ఏళ్ల ఆటో డ్రైవరు, నెలకు 15,000. కాలు విరిగి, కురచై, సర్టిఫికెట్‌లో 40 శాతం. ఏడాదికి 1,80,000, పెరుగుదల కలిపి 2,52,000, గుణకం 17తో 42,84,000. గాయపడినవాళ్ల లెక్కలో సొంత ఖర్చు కోత లేదు. 40 శాతమే తీసుకుంటే 17,13,600. ఆ కాలితో ఆటో నడపలేడని నిరూపించి పని నష్టం 60 శాతమని ఒప్పిస్తే 25,70,400. ఆ తేడా తెచ్చేది డాక్టరు సాక్ష్యం. సర్టిఫికెట్ పడేసి ఊరుకుంటే దానికి బలం చాలదు. డాక్టరును పిలిపించి, బ్రేకు ఎంతసేపు తొక్కగలడు, మోకాలు ఎంత వంగుతుంది అని అడిగించాలి.

దీనికి అదనంగా అడగాల్సినవి: అసలు బిల్లులు, ముందు ముందు ఆపరేషన్ల ఖర్చు (రాడ్డు తీయించడం లాంటివి, డాక్టరు అంచనా పత్రంతో), పని పోయిన నెలల కూలి, రవాణా, మంచి తిండి ఖర్చు, తోడున్నవాళ్ల సేవ, నొప్పి బాధ. తోడున్నది తల్లే అయినా సేవకు విలువ ఉంది. ఆరోగ్యశ్రీలో చికిత్స జరిగితే ఆ బిల్లు మీ ఖర్చు కాదు, మిగతా పద్దులన్నీ అలాగే ఉంటాయి. మందుల షాపు బిల్లులు తెల్లబోతాయి, ఇంటికొచ్చిన రోజే జిరాక్సు తీయండి.

బీమా కంపెనీ ఎక్కడ తప్పించుకుంటుంది

డ్రైవరుకు లైసెన్సు లేదనో, నకిలీదనో అంటే భయపడక్కర్లేదు. ముందు మీకు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మనే పద్ధతి స్వరణ్ సింగ్ తీర్పు (2004) నుంచి స్థిరపడింది. కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పాక ఆ వాదన కూడా బలహీనపడింది. హెల్మెట్ లేదని, ముగ్గురెక్కారని మాత్రమే తప్పులో వాటా వేయకూడదు. దానివల్లే ప్రమాదమో, గాయమో జరిగిందని కంపెనీయే చూపించాలి.

కంపెనీ నిజంగా తప్పించుకునేవి మూడున్నాయి. ఒకటి, సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులు. మిరప కోతలకు, పత్తి ఏరడానికి ట్రాక్టరు తొట్టిలో కూలీలను ఎక్కించుకెళ్లి బోల్తా కొట్టే ప్రమాదాలు మన దగ్గర ప్రతి సీజన్లో చూస్తున్నాం. పాలసీలో కూలీల కోసం అదనపు ప్రీమియం కట్టి ఉండకపోతే కంపెనీ కాదంటుంది, భారం ట్రాక్టరు యజమాని మీద పడుతుంది. రెండు, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న బైకు వెనక సీటు మనిషి, తప్పు ఆ బైకుదే అయితే. మూడు, తన తప్పుతోనే చెట్టును గుద్దిన యజమాని, లేదా బండి అడిగి తీసుకెళ్లిన స్నేహితుడు. యజమానికి పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూడాలి. జీతానికి పనిచేసే లారీ డ్రైవరు తన పొరపాటుతో పోతే 166 కింద రాదు గానీ, ఉద్యోగుల పరిహార చట్టం కింద తప్పుతో పని లేకుండా వస్తుంది. దానికి గడువు 2 ఏళ్లు. రెండు చట్టాల కిందా హక్కున్నప్పుడు ఏదో ఒకటే ఎంచుకోవాలి.

బండికి అసలు బీమానే లేదని తేలితే, జామీను పెట్టేదాకా దాన్ని వదలొద్దని వెంటనే కోర్టులో పిటిషన్ వేయండి. యార్డు నుంచి బండి వెళ్లిపోయాక యజమాని చేతిలో చిక్కడు.

పెద్దమనుషుల రాజీ, లోక్ అదాలత్

దినకర్మ కాకముందే పెద్దమనుషులు కూర్చుని, లక్షో రెండు లక్షలో ఇప్పించి, స్టాంపు కాగితం మీద ‘ఇక ఏ కేసూ వేయం’ అని రాయించుకోవడం ఇంకా నడుస్తోంది. సంతకం పెట్టొద్దు. ఖర్చులకు డబ్బు ఇస్తే తీసుకుని, అంత్యక్రియల సాయంగా ముట్టిందని మాత్రమే రాసివ్వండి. లోక్ అదాలత్ వేరు. అక్కడ త్వరగా తేలుతుంది, కానీ అప్పీలు ఉండదు. పై లెక్క చేత్తో వేసుకుని వెళ్లండి. వడ్డీతో కలిపి ఎంత తగ్గిస్తున్నారో అప్పుడే తెలుస్తుంది.

విచారణ, డబ్బు

కంపెనీ కౌంటర్ (జవాబు) వేశాక మీవైపు పీడబ్ల్యూ-1గా (పిటిషనరు తరఫు మొదటి సాక్షిగా) కుటుంబ సభ్యులు, తర్వాత కళ్లారా చూసిన సాక్షి, ఆపైన డాక్టరు. కాగితాలు ఎగ్జిబిట్ ఎ-1, ఎ-2 అని వరసగా మార్క్ అవుతాయి. చూడనివాళ్లను చూసినట్టు చెప్పించొద్దు. చార్జిషీటులో పేరు లేని ‘ప్రత్యక్ష సాక్షి’ క్రాస్‌లో నిలబడడం అరుదు. అడిగినదానికంటే న్యాయంగా ఎక్కువ రావాల్సి ఉంటే ట్రైబ్యునల్ ఎక్కువే ఇవ్వొచ్చు, నాగప్ప కేసు (2003) చెప్పేది అదే.

వడ్డీ సాధారణంగా పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్కిస్తారు. పైన మేస్త్రీ కుటుంబానికి 7.5 శాతం అనుకుంటే నెలకు సుమారు 24,000. ఓపీ వేయడం నాలుగు నెలలు ఆలస్యమైతే లక్ష దగ్గర పోయినట్టే.

లాయరు ఫీజు ముందే మాట్లాడుకోండి. ‘వచ్చినదాంట్లో పాతిక శాతం’ అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను 15100.

అవార్డు వచ్చాక బీమా కంపెనీ 30 రోజుల్లో జమ చేయాలి. చేయకపోతే ఈపీ (అవార్డు అమలు చేయించే పిటిషన్) వేయండి. భూమి శిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా వసూలు చేయించే సర్టిఫికెట్ సెక్షన్ 174 కింద అడగొచ్చు. తక్కువ వచ్చిందనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు. మీరు వేసే అప్పీలుకు డిపాజిట్ అక్కర్లేదు. కంపెనీ వేస్తే 25,000 లేదా అవార్డులో సగం, ఏది తక్కువైతే అది కట్టాలి.

మైనర్ల వాటా వాళ్లకు 18 నిండేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. చదువుకో వైద్యానికో ముందే కావాలంటే ఫీజు రసీదు జతచేసి అదే ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. బ్యాంకు మేనేజరును ఎంత బతిమాలినా ఆర్డరు లేకుండా ఇవ్వడు.